మాత్ర ముందు, మజ్జిగ తర్వాత



గుండెల్లో మంట మనలో చాలామందికి తెలుసు. పుల్లని తేన్పులు తెలుసు. దీనికి మాత్ర వేసుకునే వాళ్లూ మనలో ఉన్నారు. మరి ఆ మాత్ర వేసుకునే రోజుల్లో పాలు తాగవచ్చా? పెరుగన్నం తినవచ్చా? మజ్జిగ మానాలా? ఈ పాఠంలో తెలుసుకుందాం. ముందు మా పెద్దమ్మ సంగతి చదవండి.

కవరు మీద మాట

మా పెద్దమ్మకు యాభై ఐదేళ్లు. కూలి పనికి పోతుంది. నాట్ల కాలంలో నాట్లు వేస్తుంది. మిరప కాలంలో కాయలు కోస్తుంది.

నిరుడు నాట్లప్పుడు ఆమెకు గుండెల్లో మంట మొదలైంది. తిన్న కాసేపటికే నోట్లోకి పుల్లని నీళ్లు వచ్చేవి. వంగి నారు నాటుతుంటే గొంతు దాకా మంట లేచేది. రాత్రి పడుకుంటే ఇంకా ఎక్కువయ్యేది.

"పాలు తాగు వదినా, చల్లబడుతుంది" అన్నది పక్కింటామె. ఇంట్లో పాడి గేదె ఉంది. పెద్దమ్మ పడుకోబోయే ముందు మీగడతో సహా పెద్ద గ్లాసు పాలు తాగేది. తాగగానే హాయిగా ఉండేది. నడిరాత్రి మళ్లీ మంట. లేచి ఇంకో అర గ్లాసు తాగేది.

చివరికి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరమ్మ చూసి మాత్రలు రాసింది. మందులిచ్చే ఆయన వాటిని కాగితం కవరులో పెట్టాడు. కవరు మీద ఏదో రాశాడు. నోటితోనూ చెప్పాడు. ఆ రోజు అక్కడ జనం ఎక్కువ. పెద్దమ్మకు "రోజుకొకటి" అన్న మాట ఒక్కటే వినపడింది.

ఆమె పొద్దున్నే టీ తాగేది. చద్దన్నంలో పెరుగు కలుపుకుని తినేది. పనికి బయలుదేరే ముందు మాత్ర వేసుకునేది. ఒక్కోరోజు పాలతోనే మింగేది. మూడు వారాలు గడిచాయి. మంట తగ్గలేదు.

"ఊరికే ఇచ్చే మాత్రలు ఏం పని చేస్తాయి?" అని విసుక్కుంది. కూలి డబ్బులు పెట్టి అంగట్లో గులాబీ రంగు మందు సీసా కొన్నది.

అప్పటికి పెద్దమ్మ మన రాత్రి బడికి వస్తోంది. గుణింతాలు పూర్తయ్యాయి. ఒకరోజు పాఠం అయ్యాక, కొంగు ముడి విప్పి ఆ కవరు తీసింది.

"అమ్మాయ్, దీని మీద ఏం రాశాడో చూడవే."

"నువ్వే చదువు పెద్దమ్మా" అన్నాను.

లాంతరు బడి కాదు మనది, లైటు బాగానే ఉంది. అయినా కవరును కళ్ల దగ్గరగా పెట్టుకుంది. అక్షరాల కింద వేలు పెట్టింది.

"ప... ర... గ... డు... పు... న."

మళ్లీ కలిపి చదివింది. "పరగడుపున!"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నది, "పరగడుపున అంటే ఏమీ తినక ముందు గదా! మూడు వారాలు అన్నం తిన్నాక వేసుకున్నానే. మందును తిట్టాను గాని, తప్పు మందుది కాదు."

కింద ఇంకో వరుస ఉంది. అదీ చదివింది. "తిండికి అరగంట ముందు."

మర్నాడు మేమిద్దరం ఆసుపత్రికి వెళ్లి డాక్టరమ్మను అడిగాం. ఆమె చెప్పిన విషయాలే ఈ పాఠం.

మంట ఎందుకు పుడుతుంది?

మనం మింగిన తిండి ఒక గొట్టం గుండా కడుపులోకి దిగుతుంది. ఆ గొట్టం పేరు అన్నవాహిక. దాని అడుగున కండరం ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది. సంచి మూతికి తాడు కట్టినట్టు ఉంటుంది. తిండి దిగేటప్పుడు అది వదులవుతుంది. దిగాక బిగుసుకుంటుంది.

కడుపులో పుల్లని రసం ఊరుతుంది. దీన్ని ఆమ్లం అంటారు. రోజుకు లీటరుకు పైగానే ఊరుతుంది. ఈ రసం మనకు శత్రువు కాదు. తిండి అరగడానికి అది కావాలి. తిండితో వచ్చే క్రిములను కూడా అది చంపుతుంది. కడుపు లోపలి గోడకు జిగురు పూత ఉంటుంది. అందుకే రసం కడుపును కాల్చదు.

అన్నవాహికకు అలాంటి పూత లేదు. కింది కండరం వదులైతే పుల్లని రసం పైకి తన్నుతుంది. గొట్టం మండుతుంది. ఆ గొట్టం రొమ్ము ఎముక వెనకాల ఉంటుంది. అందుకే దాన్ని గుండెల్లో మంట అంటాం.

ఎప్పుడు ఎక్కువవుతుంది?
కడుపు నిండా తిని వెంటనే పడుకుంటే.
తిన్న వెంటనే వంగి పని చేస్తే.
నూనె, నెయ్యి, కారం ఎక్కువైతే.
చుట్ట, బీడీ కాలిస్తే.
లంగా బొందు గట్టిగా బిగించి కడితే.
గర్భంతో ఉన్నప్పుడు కూడా చాలామందికి వస్తుంది.

పరగడుపున ఎందుకు?

మంటకు డాక్టర్లు ఎక్కువగా రాసే మాత్రలు రెండు. ఒకటి ఒమిప్రజోల్. రెండోది పాంటాప్రజోల్. ఇవి ఎలా పని చేస్తాయి?

కడుపు గోడలో పుల్లని రసాన్ని తోడే చిన్న చిన్న పంపులు ఉంటాయి. కంటికి కనపడవు. మనం తినడం మొదలు పెట్టగానే అవి పని మొదలు పెడతాయి. పొలంలో మోటారు వేసినట్టే. ఈ మాత్ర ఆ పంపులను ఆపుతుంది.

మాత్ర కడుపు దాటి, పేగులో కరిగి, రక్తంలో కలవాలి. దానికి కొంత సమయం పడుతుంది. అందుకే తిండికి అరగంట ముందు వేసుకోవాలి. గంట ముందు అయినా మంచిదే. అప్పుడు పంపులు మొదలయ్యే వేళకు మందు సిద్ధంగా ఉంటుంది.

తిన్నాక వేసుకుంటే ఏమవుతుంది? తిండితో పాటు మాత్ర కూడా కడుపులోనే ఆగిపోతుంది. ఆలస్యంగా కరుగుతుంది. పశువులు చేలో పడి మేశాక కంచె వేసినట్టు అవుతుంది.

పాలు కూడా తిండే. టీలో పోసిన పాలు కూడా తిండే. ఈ సంగతి మనం మరచిపోతాం. "నేనేమీ తినలేదు, టీ మాత్రమే తాగాను" అంటాం. అది పరగడుపు కాదు. మాత్రను మంచినీళ్లతోనే మింగాలి.

ఇంకో మాట. ఈ మాత్రను నమలకూడదు. నూరకూడదు. దాని మీద ఒక పూత ఉంటుంది. పుల్లని రసంలో మందు పాడు కాకుండా ఆ పూత కాపాడుతుంది. నమిలితే పూత పోతుంది. మందు వృథా అవుతుంది.

ఈ మాత్ర వేసిన గంటకే మంట తగ్గదు. పూర్తిగా పని చేయడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఓపిక పట్టాలి.

పాలు మంటను ఆర్పుతాయా?

పాలు తాగగానే హాయిగా ఉంటుంది. అది నిజం. పాలు కాసేపు పులుపును విరుస్తాయి. కానీ పాలలో మాంసకృత్తులు ఉంటాయి. కాల్షియం ఉంటుంది. ఇవి కడుపును మళ్లీ రసం ఊరించమని పురిగొల్పుతాయి. 1976లో అమెరికా డాక్టర్లు దీన్ని పరీక్షించారు. మీగడ ఉన్న పాలతోనూ, మీగడ తీసిన పాలతోనూ కడుపులో ఆమ్లం పెరిగింది.

మీగడ పాలతో ఇంకో చిక్కు ఉంది. కొవ్వు త్వరగా అరగదు. కడుపు చాలాసేపు నిండుగానే ఉంటుంది. ఆవు పాలలో వందకు నాలుగు వంతుల దాకా కొవ్వు ఉంటుంది. గేదె పాలలో ఆరు ఏడు వంతులు ఉంటుంది. ఆ గేదె పాలు పెద్ద గ్లాసుడు తాగి వెంటనే పడుకుంటే, నడిరాత్రి మంట లేవక మానదు. మా పెద్దమ్మకు జరిగింది ఇదే.

పాతకాలపు పాల వైద్యం

"పాలు తాగితే మంట తగ్గుతుంది" అనే మాట మన ఊళ్లోనే కాదు, ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లు కూడా చెప్పారు. అమెరికాలో షికాగో నగరంలో సిప్పీ అనే డాక్టరు ఉండేవాడు. కడుపులో పుండ్లు ఉన్నవాళ్లకు ఆయన 1915లో ఒక పథ్యం చెప్పాడు. గంట గంటకూ పాలు, మీగడ ఇవ్వాలి. మధ్య మధ్యలో పులుపును విరిచే పొడులు ఇవ్వాలి. చాలా దేశాల్లో చాలా ఏళ్లు ఇదే వైద్యం నడిచింది.

కానీ 1923 నాటికే వేరే డాక్టర్లు ఒక ప్రమాదం గమనించారు. ఇలా పాలు, పొడులు కలిపి తీసుకున్న కొందరికి తలనొప్పి, వాంతులు వచ్చాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఎందుకు? పాలలో కాల్షియం ఉంది. కొన్ని పొడుల్లోనూ కాల్షియం ఉంది. రెండూ కలిసి రక్తంలో కాల్షియం మితి మీరింది.

ఒమిప్రజోల్ మాత్ర 1988లో అమ్మకానికి వచ్చింది. ఆ పాల వైద్యం పోయింది. పాలు తిండి. పాలు మంటకు మందు కాదు.

మరి పాలు, పెరుగు మానేయాలా?

అక్కర్లేదు. ఇది బాగా గుర్తు పెట్టుకోండి. ఈ మాత్రలకూ, పాలు పెరుగులకూ వైరం లేదు. వేళ తప్పకూడదు, అంతే. మాత్ర వేసుకున్న అరగంట తర్వాత టీ తాగవచ్చు, పెరుగన్నం తినవచ్చు.

నిజానికి పాలు, పెరుగు మనకు కావాలి. ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల ఆవు పాలలో సుమారు 240 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఎముకల బలానికి అది అవసరం. పాలు పెరుగుల్లో బి 12 అనే విటమిను కూడా ఉంటుంది. కూరగాయల్లో, పప్పుల్లో అది ఉండదు. మాంసం, చేపలు, గుడ్లు తినని వాళ్లకు పాలు పెరుగులే దిక్కు. ఈ మాత్రలు ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో బి 12 తగ్గవచ్చు. అందుకే, మంట భయంతో మజ్జిగ కూడా మానేస్తే రెండు వైపులా నష్టం.

ఏది మంచిది? ఏది తగ్గించాలి?

మజ్జిగ: వెన్న తీసిన పలచని మజ్జిగ చాలామందికి పడుతుంది.
పెరుగు: కమ్మని పెరుగు మేలు. బాగా పులిసిన పెరుగు కొందరికి మంట పెడుతుంది.
పాలు: మీగడ తీసి తాగండి. పగటిపూట చిన్న గ్లాసు చాలు.
వెన్న, నెయ్యి, పాలకోవా, ఐస్‌క్రీము: మంట తగ్గేదాకా బాగా తగ్గించండి.

అందరి కడుపూ ఒకటి కాదు. ఒకరికి పడింది ఇంకొకరికి పడదు. పాలు తాగితే కడుపు ఉబ్బరం, గుడగుడలు, విరేచనాలు వచ్చే వాళ్లు ఉంటారు. అది పుల్లని రసం వల్ల కాదు. పాలలోని చక్కెర వాళ్లకు అరగదు. అలాంటి వాళ్లలో చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి.

రాత్రి తిండికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. తలవైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకోండి. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి.

గులాబీ రంగు మందు

అంగట్లో దొరికే గులాబీ రంగు మందు, చప్పరించే బిళ్లలు వేరే రకం. ఇవి పంపులను ఆపవు. అప్పటికే ఊరిన పులుపును విరుస్తాయి. కొద్ది నిమిషాల్లోనే హాయి ఇస్తాయి. గంట రెండు గంటల్లో ఆ హాయి పోతుంది.

ఎప్పుడో ఒకసారి వాడితే తప్పు లేదు. రోజూ అవసరమైతే డాక్టరును అడగాలి. వీటిలో కొన్నిటిలో కాల్షియం ఉంటుంది. అలాంటి బిళ్లలు రోజుకు చాలా వేసుకుంటూ, పాలు కూడా ఎక్కువగా తాగితే, సిప్పీ డాక్టరు కాలం నాటి ప్రమాదమే వస్తుంది. నీళ్లలో వేస్తే పొంగే పొడిలో సోడియం ఉంటుంది. ఉప్పులో ఉండేదీ అదే. రక్తపోటు ఉన్నవాళ్లు ఆ పొడి జోలికి పోకూడదు.

ఎర్ర మాత్ర వేసుకునే అక్కలకు

మా వదిన ఐదో నెల గర్భిణి. ఆశా కార్యకర్త ఆమెకు ఎర్ర మాత్రలు ఇచ్చింది. ఇవి రక్తం పట్టే మాత్రలు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. బలం వస్తుందని వదిన రోజూ వాటిని పాలతో మింగేది. మంటగా ఉంటే పెద్దమ్మ సీసాలోని గులాబీ మందు ఒక మూత తాగేది.

పెద్దమ్మ పుణ్యమా అని ఆ సంగతి కూడా డాక్టరమ్మను అడిగాం. ఆమె తల ఊపింది.

"ఇనుము ఒంటికి పట్టాలంటే కడుపులో పులుపు ఉండాలి. పాలలోని కాల్షియం, టీలోని వగరు ఇనుమును పట్టనివ్వవు. గులాబీ మందూ అంతే. ఇక ఎన్ని మాత్రలు మింగినా రక్తం ఎలా పడుతుంది?" అన్నది.

కాబట్టి ఎర్ర మాత్రను నిమ్మరసం నీళ్లతోగాని, మంచినీళ్లతోగాని మింగాలి. పాలు, టీ, కాల్షియం మాత్ర, గులాబీ మందు – వీటికి రెండు గంటల ఎడం ఉండాలి. కాల్షియం మాత్రను అన్నంతో పాటు వేరే పూట వేసుకోవాలి. గర్భిణులు మంటకు ఏ మందైనా అడిగే వాడాలి. థైరాయిడ్ మాత్రకు కూడా పాలు, కాల్షియం, గులాబీ మందు అడ్డమే. రెండు రకాల పరగడుపు మాత్రలు ఉన్నవాళ్లు ఏది ముందో డాక్టరును అడగండి.

ఇవి మంట కాదు, ప్రమాదం

మంటే గదా అని ఊరుకోకూడని గుర్తులు ఉన్నాయి.

ఛాతీలో బరువు, నొప్పి. నొప్పి చేతికి, దవడకు, వీపుకు పాకడం. చెమటలు, ఆయాసం. ఇది గుండెపోటు కావచ్చు. ఆడవాళ్లకు ఒక్కోసారి వికారం, నీరసం, పై కడుపులో నొప్పిగా కూడా గుండెపోటు వస్తుంది. "గ్యాస్ నొప్పిలే" అని పాలు తాగి పడుకోకండి. వెంటనే 108కి ఫోను చేయండి.

నెత్తురు వాంతి, తారులా నల్లగా జిగటగా విరేచనం. ఎర్ర మాత్రల వల్ల కూడా విరేచనం నల్లబడుతుంది. దానికి భయం లేదు. కానీ జిగట, చెడు వాసన, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మింగిన ముద్ద అడ్డుపడడం. కారణం లేకుండా చిక్కిపోవడం. ఇవి ఉన్నా ఆలస్యం చేయకండి.

నడుము నొప్పికి, మోకాళ్ల నొప్పికి అంగట్లో కొనే నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు చేస్తాయి. అవి వాడుతుంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. మంట మాత్రలు ఎన్ని వారాలు వాడాలో కూడా అడగండి. మనంతట మనం ఏళ్ల తరబడి వాడకూడదు.

పెద్దమ్మ ఇప్పుడు

పెద్దమ్మ ఇప్పుడు లేవగానే మొహం కడుక్కుని, మంచినీళ్లతో మాత్ర వేసుకుంటుంది. వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, గేదె దగ్గర శుభ్రం చేస్తుంది. ఈలోగా అరగంట దాటుతుంది. అప్పుడు టీ. తర్వాత చద్దన్నం, మజ్జిగ. రాత్రి పాలు మానేసింది. రెండు వారాల్లో మంట చాలావరకు తగ్గింది. డాక్టరమ్మ చెప్పినన్ని రోజులే మాత్రలు వాడింది.

పొయ్యి పక్క గోడ మీద సుద్ద ముక్కతో తానే రాసుకుంది:

మాత్ర ముందు. మజ్జిగ తర్వాత.

"మజ్జిగ"లో జ ఒత్తు మొదట మరచిపోయింది. మర్నాడు తానే చూసి దిద్దుకుంది. ఇప్పుడు పక్కింటి వాళ్లకు మందుల కవరు వస్తే, చదివించుకోవడానికి పెద్దమ్మ దగ్గరికే వస్తున్నారు.

కొత్త మాటలు

పరగడుపు – ఏమీ తినని, తాగని ఖాళీ కడుపు
అన్నవాహిక – తిండి కడుపులోకి దిగే గొట్టం
ఆమ్లం – పుల్లని రసం
ఎడం – రెండింటి మధ్య వ్యవధి

జవాబులు రాయండి

1. పెద్దమ్మకు మూడు వారాలు మంట ఎందుకు తగ్గలేదు?
2. పాలు తాగిన కాసేపటికి మంట మళ్లీ ఎందుకు వస్తుంది?
3. ఎర్ర మాత్రను పాలతో ఎందుకు మింగకూడదు?

ఖాళీలు నింపండి

1. మంట మాత్రను తిండికి ________ ముందు వేసుకోవాలి.
2. మాత్రను ________తోనే మింగాలి.
3. ఛాతీ నొప్పి, చెమటలు వస్తే ________కి ఫోను చేయాలి.

మీరు చేయండి

మీ ఇంట్లో ఉన్న మందుల కవర్లు, చీటీలు బయటికి తీయండి. వాటి మీద తెలుగులో ఏముందో చదవండి. ఏమీ రాసి లేకపోతే, ఈసారి మందులిచ్చే వాళ్లను "తెలుగులో రాసివ్వండి" అని అడగండి. అడగడం మన హక్కు.

ఏడు రోజులు ఒక కాగితం మీద రాయండి: ఏ పూట ఏం తిన్నాను? పాలా, పెరుగా, మజ్జిగా? మంట వచ్చిందా, రాలేదా? ఆ కాగితం డాక్టరుకు చూపించండి. మీ కడుపుకు ఏది పడుతుందో మీ రాతే చెబుతుంది.